గేటు ఫోనుకు వెళ్లిన రెండు కాల్స్

నా పేరు దారా ఫెబా. తండ్రి పేరు ప్రభుదాస్. వయసు ముప్పై రెండు. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్నాను. మిల్లులకు, క్లినిక్కులకు బిల్లింగు, స్టాకు లెక్కల ప్రోగ్రాములు చేసి ఇస్తాను. నన్ను ఎవరూ బెదిరించి తీసుకురాలేదు. మేజిస్ట్రేటు గారు తలుపు వేయించి, పోలీసులను బయట నిలబెట్టి, ఆ మాట రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఇదే చెప్పాను.

ముందు ఒక సంగతి. ఈ కేసులో ముద్దాయి తోమా నాకు బంధువు కాదు. మాది బాప్టిస్టు సంఘం, ఒంగోలు వైపు. ఆయనది లూథరన్. ఆగస్టు నెల రెండో వారం దాకా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన కోల్డ్ స్టోరేజీ గేటు కాపలాదారు. నేను అక్కడ స్కూటీ ఆపితే గొలుసు తీసేవాడు. అంతే. ఫిర్యాదు చేసిన చలమయ్య గారు స్టేషన్‌లో పది మంది ముందు "ఆమె కూడా వాళ్లేగా, వాణ్ని వదిలేస్తదా" అన్నారు కాబట్టి ఇది చెబుతున్నాను.

చలమయ్య గారికి ఏటుకూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. వాళ్ల తమ్ముడి జిన్నింగు మిల్లుకు నేను పని చేశాను. ఆ పరిచయంతో జూన్‌లో నన్ను పిలిపించారు.

అక్కడ పని జరిగే పద్ధతి ఇది. లారీకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కిస్తారు. ఎక్కించేటప్పుడు ఒక్కో టిక్కీకి ఉన్న, ఏ రైతు సరుకో చెప్పే లాటు నంబరు చీటీని స్కాన్ చేస్తారు. తర్వాత గేటు పక్కనున్న కాటా మీద లారీని తూస్తారు. ఆ తూకాన్ని ఆఫీసులో రాజేశ్వరి గారు కంప్యూటర్లో కొడతారు. హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్నెట్ మీద నడిపే సర్వీసు అది. ఇవ్వాల్సిన లాటు, ఎక్కించిన లాటు ఒకటే అయితే గేటు పాసు వస్తుంది. వేరైతే రాదు. పాసు రాకుండా లారీ గేటు దాటకూడదు. ఆఫీసు గది ఉండేది ఆవరణ లోపలి వైపు, సరుకు ఉంచే ఛాంబర్ల వెనక. అక్కడి నుంచి గేటు కనపడదు.

ఆ సర్వీసు అప్పుడప్పుడు ఆగిపోతుంది. ఆగినప్పుడు లారీలు బారులు తీరతాయి. డ్రైవర్లు ఆఫీసు మీదికి వస్తారు.

మొదటి రోజు చలమయ్య గారు నాతో అన్నది ఇది: "ఏమ్మా, మా రాజేశ్వరి రోజుకు నాలుగుసార్లు సర్వర్ లేదంటది. నిజంగానే లేదో, ఈవిడకి చేయబుద్ధి కాలేదో నాకెట్టా తెలుస్తది?"

రాజేశ్వరి గారు పక్క బల్ల దగ్గరే ఉన్నారు. "నాకు వినపడతందండీ" అన్నారు.

"వినపడాలనే అంటన్నా."

ఆన్‌లైన్ సర్వీసులు పనిచేస్తున్నాయో లేదో నిమిషానికోసారి తట్టి చూసే సాధనం ఒకటుంది. సర్వీసు పలికితే పచ్చ చూపిస్తుంది. పలక్కపోతే ఎరుపు చూపిస్తుంది. ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు లేచిందో దాచి పెడుతుంది. దానిలో చలమయ్య గారి గేటు పాసు సర్వీసును పెట్టాను. తర్వాత ఒక ఏఐ అసిస్టెంటును ఆ సాధనానికి కలిపాను. చలమయ్య గారు ఫోన్‌లో తెలుగులో అడిగితే, అది ఆ సాధనాన్ని చూసి తెలుగులో జవాబు చెబుతుంది. దానికి చూసే అనుమతి మాత్రమే ఇచ్చాను. సర్వీసును ఆపడం, నడపడం, పాసు ఇవ్వడం దానికి కుదరదు. గేటుకు దానికి సంబంధం లేదు. గేటుకు కరెంటు తీగె కూడా లేదు. అది ఇనప గేటు. మనిషి తోయాలి. ఈ వాక్యాన్ని నేను స్టేషన్‌లో నాలుగుసార్లు చెప్పాను. మనిషి తోయాలి.

కలిపిన మొదటి వారం చలమయ్య గారు చాలా సంతోషించారు. వచ్చిన ప్రతి వ్యాపారి ముందు ఫోన్ తీసి "ఏమ్మా, మన పాసుల సర్వీసు ఎట్టా ఉంది?" అని అడిగేవారు. అది "ఇప్పుడు పనిచేస్తోందండీ. ఉదయం నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు" అనేది. ఆయన రాజేశ్వరి గారి వైపు చూసేవారు. అది "పదిన్నర నుంచి పనిచేయడం లేదండీ" అంటే రాజేశ్వరి గారు ఆయన వైపు చూసేవారు.

జూలైలో మళ్లీ పిలిచారు.

"నేనడిగితే చెప్పడం కాదమ్మా. ఆగంగానే అదే ఫోన్ చేసి చెప్పాలి. నేను ఊళ్లో లేకపోతే?"

చేయొచ్చు అన్నాను. కాల్ చేయడానికి ఒక నంబరు కావాలి, కొత్త సిమ్ తీసుకుందాం అన్నాను.

"కొత్త సిమ్మెందుకు దండగ? ఆఫీసు ఫోను ఉందిగా." రాజేశ్వరి గారి బల్ల మీద పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి ఎప్పుడూ చార్జింగులో ఉంటుంది. దాన్ని చూపించారు.

నేను అడిగాను. నేను అడిగానన్నది రాజేశ్వరి గారు కూడా ఎస్.ఐ. గారి దగ్గర ఒప్పుకున్నారు. "ఈ ఫోన్ నుంచి వేరే పనికి ఎవరితోనైనా మాట్లాడతారా అండీ?" అన్నాను.

చలమయ్య గారు "ఆ ఫోన్లో ఎవరూ మాట్లాడరమ్మా" అన్నారు.

రాజేశ్వరి గారు కూడా "ఎవరం మాట్లాడం మేడం" అన్నారు.

ఆ ఫోన్ నుంచే కాల్ వెళ్లేటట్టు పెట్టాను. సర్వీసు ఆగిపోతే అసిస్టెంటు ముందు చలమయ్య గారికి చేస్తుంది. ఎత్తితే "గేటు పాసు సర్వీసు ఆగిపోయిందండీ, లారీలను ఆపించండి" అని చెబుతుంది. ఎత్తకపోయినా, కట్ చేసినా ఇంకోసారి చేస్తుంది. అంతటితో ఆపి మెసేజ్ పెడుతుంది. రెండుసార్లు అన్నది నేను పెట్టిన అంకె. మూడుసార్లు చేస్తే విసుక్కుంటారని రెండు పెట్టాను. ఎవరికి పెట్టినా రెండే పెడతాను.

బయలుదేరుతుంటే చలమయ్య గారు వెనక్కి పిలిచారు. "నేనెత్తకపోతే గేటుకు చేయమను. గేటుకు తెలిస్తే చాలుగా, లారీలాపుతాడు." గేటు ఫోన్ నంబరు ఆయనే చెప్పారు. అది కూడా కలిపాను.

ఆలోచన సరైనదే. పాసులు రానప్పుడు గేటు మనిషికి తెలియాలి. ఆయన చెప్పింది తప్పు కాదు, నేను చేసింది తప్పు కాదు అని ఆ రోజు అనుకున్నాను.

ఆగస్టు తొమ్మిది, శనివారం. చలమయ్య గారు చీరాలలో పెళ్లికి వెళ్లారు. ఫోన్ కారులో చార్జింగుకు పెట్టి ఫంక్షన్ హాల్లోకి వెళ్లారు. ఇది ఆయన చెప్పిందే. సాధనంలో ఉన్న రికార్డు ప్రకారం పదకొండు యాభై రెండుకు గేటు పాసు సర్వీసు ఆగింది. అసిస్టెంటు చలమయ్య గారికి రెండుసార్లు చేసింది. ఆయన ఎత్తలేదు. తర్వాత గేటుకు చేసింది. గేటులో కట్ చేశారు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశారు. మెసేజ్ పెట్టింది. గేటులో ఉన్నది బటన్ల ఫోను. మెసేజుల పెట్టె ఎప్పుడో నిండిపోయింది.

ఆ సమయానికి కాటా మీద ఒక లారీ ఉంది. ఒంగోలు దగ్గర కారం మిల్లుకు వెళ్లాల్సిన లోడు. హమాలీలు పొరపాటున పక్క వరస టిక్కీలు ఎక్కించారు. ఆ వరస ప్రత్తిపాడు అవతల నుంచి వచ్చిన కౌలు రైతు ఆదెమ్మ గారిది. పాసు కొట్టి ఉంటే లాటు కలవక అక్కడే ఆగేది. పాసు కొట్టడానికి సర్వీసు లేదు. లారీ మాత్రం పన్నెండు కాకముందే గేటు దాటింది. తోమా గేటు తీశాడు.

సాయంత్రం స్టాకు చూసినప్పుడు రాజేశ్వరి గారికి తేడా తెలిసింది. ఫోన్లు చేసే సరికి మిల్లులో మిషనుకు పోసేశారు. ఆదెమ్మ గారి మిరపకాయలు కారం పొడి అయ్యాయి. ఏ బస్తాలో ఎవరివి ఉన్నాయో ఇక చెప్పలేరు.

చలమయ్య గారు కారులో తిరిగి వస్తూ అసిస్టెంటును అడిగారు. ఇవాళ ఏం జరిగింది అని. అది చెప్పిన జవాబు నా దగ్గర ఉంది. కోర్టుకు ఇచ్చాను. ఇక్కడ చదువుతున్నాను: "పదకొండు యాభై రెండుకు గేటు పాసు సర్వీసు ఆగిపోయిందండీ. మీకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. గేటుకు రెండుసార్లు చేశాను. రెండుసార్లూ కట్ చేశారు. పన్నెండుంబావుకు సర్వీసు తిరిగి వచ్చింది."

ఇందులో ప్రతి మాటా నిజం. ఫిర్యాదు మొత్తం ఈ జవాబు మీద రాశారు. సర్వీసు లేదని హెచ్చరిక వచ్చింది, తోమా కావాలని కట్ చేశాడు, ఎవరూ లేని సమయం చూసి పాసు లేని లారీని పంపాడు, లారీ వాళ్లతో కలిసి దొంగతనం చేశాడు అని. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయటే తోమాను జీపు ఎక్కించారు.

సోమవారం ఉదయం నన్ను స్టేషన్‌కు పిలిచారు. అసిస్టెంటు చెప్పిన జవాబును ప్రింటు తీసి సంతకం పెట్టి ఇమ్మన్నారు. రైటర్‌గా కూర్చున్న కానిస్టేబుల్ గారు సాక్షుల పేర్లు రాస్తున్నారు.

"ఫోన్ చేసిన అసిస్టెంటు పేరేందమ్మా?"

"పేరు లేదండీ. అది ఏఐ."

"తండ్రి పేరు?"

ఆయన తమాషాకు అడగలేదు. గడి ఖాళీగా ఉంచితే పై ఆఫీసర్లు వెనక్కి పంపుతారట. నేను ప్రోగ్రాము అని వివరించాను. ఆయన విని "పోనీ, ఎవరి దగ్గర పనిచేస్తది?" అన్నారు.

ఎస్.ఐ. గారు వచ్చారు. ఆయన చదువుకున్న మనిషి, విషయం తెలుసు. అందుకే ఇంకా కష్టమైంది.

"అది అబద్ధం చెప్తుందా?" అన్నారు.

"ఇందులో చెప్పలేదండీ. కాల్స్ వెళ్లాయి. ఫోన్‌లో కూడా ఉన్నాయి."

"రెండుసార్లు చేసిందా?"

"చేసింది."

"ఇతను కట్ చేశాడా?"

"చేశాడండీ."

"ఇంకేందమ్మా మరి? మీ ఏఐ సాక్ష్యం చెప్పింది, మీరు సంతకం పెడుతున్నారు. అయిపోయింది."

అయిపోలేదని నాకు అనిపించింది. ఎందుకు అయిపోలేదో అప్పటికి తెలియదు. దొంగతనం చేసేవాడు ఫోన్ ఎత్తకుండా ఊరుకుంటాడు, రెండుసార్లూ శ్రద్ధగా కట్ చేయడమెందుకు అన్నది ఒక్కటే నా అనుమానం. తోమాతో మాట్లాడొచ్చా అని అడిగాను. ఎస్.ఐ. గారు గడియారం చూసుకుని "అయిదు నిమిషాలు" అన్నారు.

తోమా వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారం చొక్కానే ఒంటి మీద ఉంది. అదే వరండాలో, నాలుగడుగుల దూరంలో, ఆదెమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఆయన మీద కేసు, ఆమె సరుకు పోయింది. ఇద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగుతున్నారు.

"ఫోన్ ఎందుకు కట్ చేశారండీ?" అని అడిగాను.

"కట్ చేయకపోతే ఎట్టాగమ్మా? అందినట్టు వాళ్లకెట్టా తెలుస్తది?"

"ఎవరికి?"

"రాజేశ్వరమ్మకి. ఆఫీసు ఫోనేగా. ఒక రింగిస్తే నన్ను ఆఫీసుకు రమ్మని. రెండు రింగులిస్తే పాసు కొట్టేశాం, లారీని వదిలెయ్యమని. రెండు రింగులొచ్చినయ్. వదిలేశా."

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు. కాల్‌కు డబ్బులు పడే రోజుల్లో చలమయ్య గారే పెట్టిన పద్ధతి అది. మాట్లాడితే బిల్లు, రింగిస్తే ఉచితం. ఇప్పుడు అన్ని కాల్సూ ఉచితమే. పద్ధతి మాత్రం అట్లాగే ఉంది. పాసు కాగితాలు వెంటవెంటనే గేటుకు వెళ్లవు. సాయంత్రం అన్నీ కట్టగా పంపుతారు. పగలంతా గేటు నడిచేది ఆ రింగుల మీదే.

అంటే పాసులు ఇవ్వడం కుదరదు, లారీలను ఆపండి అని చెప్పడానికి అసిస్టెంటు రెండుసార్లు ఫోన్ చేసింది. అదే ఫోన్ నుంచి రెండు రింగులు వస్తే పాసు ఇచ్చాం, లారీని పంపెయ్ అని ఆ గేటులో అర్థం.

"ఇది ఎస్.ఐ. గారికి చెప్పారా?" అన్నాను.

"చెప్పాగా. రెండు రింగులొచ్చినయ్ సారూ అని రాత్రి నుంచి చెప్తన్నా. ఆయన రాసుకున్నాడు కూడా."

లోపలికి వెళ్లి చూశాను. రాసుకున్నారు. "తనకు రెండు పర్యాయములు ఫోన్ వచ్చినట్లు ముద్దాయి ఒప్పుకున్నాడు" అని ఉంది.

నేను మళ్లీ వరండాలోకి వచ్చేసరికి తోమా నన్ను అడిగాడు: "రింగిచ్చింది రాజేశ్వరమ్మ కాదా?"

"కాదండీ."

"మరెవరు?"

మిషను అన్నాను.

"మిషనుకు నాతో ఏం పని?" అన్నాడు.

ఆదెమ్మ గారు అందుకున్నారు. "ఏం తల్లీ, ఈయన తీయలేదు, నువ్వు తీయలేదు, మిషను తీయలేదు. నా కాయలు నడిచిపోయినయ్యా?"

నేను మళ్లీ లోపలికి వెళ్లాను.

ఎస్.ఐ. గారికి అంతా చెప్పాను. ఆయన సగం విని చలమయ్య గారికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టారు.

"రెండు రింగుల పద్ధతి ఉందా అండీ మీకు?"

"ఉందండీ. ఎప్పటినుంచో."

"మరి అసిస్టెంటు కూడా రెండు రింగులిచ్చిందట కదా?"

"అది రింగిచ్చేది కాదండీ, మాట్లాడేది. నాతో తెలుగులో చక్కగా మాట్లాడుద్ది. వాడు ఎత్తితే చెప్పేదిగా! ఎత్తకుండా కట్ చేయడమే దొంగబుద్ధి."

"ఎత్తొద్దని మీరే చెప్పారు కదండీ" అని నేను పక్కనుంచి అన్నాను.

"ఆఫీసు వాళ్లు చేస్తే ఎత్తొద్దన్నా. ఇది చేస్తే ఎత్తాలి."

"రెండూ ఒకే నంబరండీ. ఆయనకు తేడా ఎలా తెలుస్తుంది?"

"అన్నేళ్లనుంచి గేట్లో ఉన్నాడు, ఆ మాత్రం తెలవదా?"

ఆ మధ్యాహ్నం తోమాను కోర్టులో పెట్టి సబ్ జైలుకు పంపారు.

మంగళవారం నేను కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. చలమయ్య గారు లేరు. రాజేశ్వరి గారిని అడిగాను, ఈ ఫోన్ నుంచి గేటుకు రింగులిస్తారని నాకెందుకు చెప్పలేదు అని.

"మీరు మాట్లాడతారా అని అడిగారు మేడం. మేం మాట్లాడం. రింగిస్తాం." ఆమె వెటకారానికి అనలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అయినా అది అందరికీ తెలిసిందేగా. ఈ రోడ్డులో ఎవరినడిగినా చెప్తారు."

శనివారం ఆ ఫోన్ తనంతట తాను వెలిగి, గేటుకు కాల్ వెళ్లడం మీరు చూశారా అని అడిగాను. చూశానన్నారు. "సార్ చీరాల నుంచి ఏదో నొక్కారేమో అనుకున్నా. ఈ మధ్య అన్నీ అక్కడినుంచే చేస్తన్నారుగా." ఈ మాట పోలీసులకు చెప్పారా అని అడిగాను. అడగలేదన్నారు.

అదే రోజు ఆఫీసు ఫోన్ నుంచి అసిస్టెంటును విడదీసేశాను. తర్వాత ఎస్.ఐ. గారి దగ్గరికి వెళ్లి ఒకటే కోరాను. నా మాట నమ్మొద్దు, తోమా మాట నమ్మొద్దు, ఒక్కసారి అదే చేసి చూడండి. ఆయన మొదట కాదన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు కూర్చోమన్నారు. మూడోసారి సరే అన్నారు. విడదీసిందాన్ని ఆ ఒక్క పరీక్ష కోసం, ఎస్.ఐ. గారి ముందు, మళ్లీ కలిపాను.

పద్నాలుగో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకు పరీక్ష పెట్టారు. ఎస్.ఐ. గారు, ఒక కానిస్టేబుల్, పంచనామాకు ఇద్దరు మధ్యవర్తులు వచ్చారు. చలమయ్య గారిని ఆఫీసులో కూర్చోబెట్టి, ఫోన్ మోగినా ఎత్తొద్దన్నారు. తోమా స్థానంలో గేటు దగ్గర ఉన్నది చలమయ్య గారి బావమరిది కొడుకు నాగచైతన్య. బీకాం చదివిన కుర్రవాడు. సోమవారం నుంచే గేటులో ఉంటున్నాడు. పరీక్ష సంగతి అతనికి చెప్పవద్దని ఎస్.ఐ. గారు గట్టిగా చెప్పారు. ఆ ఆలోచన ఆయనదే, నాది కాదు.

నేను అసలు సర్వీసును తాకలేదు. సాధనంలో సర్వీసు చిరునామా మార్చి, లేని పేజీని తట్టేటట్టు పెట్టాను. అది పలకదు కాబట్టి రెండు నిమిషాల్లో ఎరుపు చూపించింది. అసిస్టెంటు చలమయ్య గారికి రెండుసార్లు చేసింది. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నారు. తర్వాత రాజేశ్వరి గారి బల్ల మీది ఫోన్ వెలిగింది. గేటుకు ఒక కాల్ వెళ్లింది. కట్ అయింది. ఇంకోటి వెళ్లింది. కట్ అయింది.

కాటా మీద ఒక లారీ ఉంది. దాని పాసు ఇంకా కొట్టలేదు.

మేము ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. లారీ లేదు. ఎస్.ఐ. గారు కాటా దగ్గర ఉంచిన కానిస్టేబుల్ వైపు చూశారు. కానిస్టేబుల్ గారు "పరీక్షే కదా అని ఊరుకున్నా సార్" అంటూ బండి తీశారు. బైపాసు ఎక్కే ముందు లారీని పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆ డ్రైవరు క్యాబిన్ దిగకుండానే అరిచాడు: "గేటు తీశారు, పోయాను! పోవద్దంటే పోయేవాణ్నా?"

నాగచైతన్య ఇంతమందిని చూసి బెదిరిపోయాడు. "ఏంది మావయ్యా, ఏమైంది? నేనేం చేశా?"

ఎస్.ఐ. గారు అడిగారు: "ఫోన్ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"ఎత్తావా?"

"ఎత్తం సార్, కట్ చేస్తాం. రెండొచ్చినయ్, గేటు తీశా."

"ఎవరు చేశారో చూశావా?"

"ఆఫీసు అని పడింది."

ఎస్.ఐ. గారు చలమయ్య గారి వైపు తిరిగారు. "ఇతన్ని కూడా జీపు ఎక్కించమంటారా అండీ?"

చలమయ్య గారు వెంటనే అన్నారు. ఒక్క క్షణం ఆగలేదు. "వాడేం చేశాడండీ? రెండు రింగులొస్తే తీశాడు."

రాజేశ్వరి గారు ఆఫీసు వైపు తిరిగి నడిచి వెళ్లిపోయారు. చలమయ్య గారికి తను అన్నది వినపడిందో లేదో నేను చెప్పలేను. ఆయన లారీ చక్రాల వైపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత మేనల్లుడితో "గేటు వెయ్యరా ముందు" అన్నారు.

పంచనామా అక్కడే కాటా గదిలో రాశారు. నన్ను సంతకం పెట్టమంటే చదివాను. అందులో "ఫోన్ కాల్స్ వెళ్లిన పిమ్మట గేటు తెరవబడినది" అని ఉంది. ఎవరు తెరిచారో లేదు. ఎందుకు తెరిచాడో అతను చెప్పింది లేదు. చలమయ్య గారు అన్న మాట అసలే లేదు. అది కూడా రాయమన్నాను. అది పరీక్షలో భాగం కాదు, ఆయన మామూలుగా అన్న మాట అని ఎస్.ఐ. గారు అన్నారు. మామూలుగా అన్నారు కాబట్టే రాయమంటున్నాను అన్నాను.

"అమ్మా, నా వల్ల ఇంతే అవుతుంది. మిగతాది మేజిస్ట్రేటు గారికి చెప్పుకోండి. నేనే పంపిస్తా" అన్నారు. పంపించారు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని. పంచనామా మీద నేను సంతకం పెట్టలేదు.

పరీక్ష అయ్యాక అసిస్టెంటును ఆ ఫోన్ నుంచి మళ్లీ విడదీశాను. మర్నాడు చలమయ్య గారు నాకు ఫోన్ చేశారు. కేసు గురించి మాట్లాడతారనుకున్నాను. "ఏమ్మా, తీసేశావంట. సర్వీసు ఆగినా ఫోన్ రావట్లా, తెలవక చస్తన్నాం. మళ్లీ కలుపు" అన్నారు. తోమా సంగతి ఏమిటండీ అన్నాను. "అది వేరే, ఇది వేరే" అన్నారు. ఫోన్ పెట్టేశాను.

ఇందులో నీ తప్పు ఏమైనా ఉందా అని మేజిస్ట్రేటు గారు అడిగిన ప్రశ్నకు జవాబు: ఉంది. ఆ ఫోన్ గురించి నేను అడిగాను. కానీ ఆ బల్ల పక్కన ఒక పూట కూర్చుని, దాన్ని ఎలా వాడుతున్నారో చూడలేదు. చూసి ఉంటే మొదటి లారీకే తెలిసేది. దానికి ఏ శిక్ష ఉంటే అది నాకు వేయండి.

అసిస్టెంటు తప్పు ఉందా అని అడిగిన ప్రశ్నకు జవాబు: అది చేయమన్నది చేసింది, జరిగింది చెప్పింది. రింగుల పద్ధతి దానికి ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

తోమా తప్పు ఉందా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం రాసుకోవద్దని కోరుతున్నాను. ఫిర్యాదుదారు చలమయ్య గారి మాటే రాసుకోండి. పద్నాలుగో తేదీ మూడున్నర ప్రాంతంలో, తన గేటు ముందు, అదే పని చేసిన తన మేనల్లుడి గురించి ఆయన చెప్పినది: "వాడేం చేశాడండీ? రెండు రింగులొస్తే తీశాడు." ఆ మాట విన్నవాళ్లు నేను కాక ఆరుగురు ఉన్నారు. అందరినీ పిలిపించి అడగవచ్చు. నేను ఇది చెబుతున్న ఈ పూటకు కూడా తోమా సబ్ జైల్లోనే ఉన్నాడు. నాగచైతన్య గేటు దగ్గర ఉన్నాడు.

ఇది నా నోటితో చెప్పింది. నేను తెలుగులో చెప్పగా తెలుగులోనే రాసి, నాకు చదివి వినిపించారు. మూడో పేజీలో "ఏఐ అసిస్టెంటు గేటు తెరిచినది" అని పడి ఉంటే నేను ఒప్పుకోలేదు. దాన్ని కొట్టివేయించి, పక్కన "తోమా తెరిచాడు, రెండు రింగులు వచ్చినందున" అని రాయించి, అక్కడ విడిగా సంతకం చేశాను. మిగిలినదంతా నేను చూసినది, విన్నది, చేసినది. కల్పించి చెప్పింది లేదు.

(సంతకం)
దారా ఫెబా
గుంటూరు, 19 ఆగస్టు 2025